జీవించి ఉన్న సంతానం

థార్న్‌మత్,
ఏప్రిల్ 9

బ్రయొనీ,

నువ్వు దీవికి పోయి మూడు వారాలైంది. చేరానని రెండు వాక్యాలు రాసి, మిగతా కాగితమంతా బూట్లలోకి నీళ్ళు దూరుతున్నాయని తిట్లతో నింపావు. ఈ పడవలో కొత్త బూట్లు పంపుతున్నాను. వాటితో ఉన్న పొట్లంలో పొగబెట్టిన హెర్రింగ్ చేపలున్నాయి. నువ్వు కాపలా కాసే పక్షులకు పెట్టకు, నువ్వు తిను.

ఇక్కడ విశేషాలేం లేవు. చేపలకు పొగబెట్టే మా షెడ్డులో ఓక్ చెక్క పొట్టు తడిసిపోయి పొగ సరిగా రావడం లేదు. తను నడిపే స్కూలు బస్సు గేరు మార్చినప్పుడల్లా ఏనుగులా ఘీంకరిస్తోందని రోవెనా గొడవ. ఆ పక్షులైనా నీ ఉపన్యాసాలు కూర్చుని వింటున్నాయా అని అడగమంది.

ఒక మాట. నీ గదిలో ఆరు పెట్టెల ఉద్యమ కరపత్రాలున్నాయి కదా, వాటిని పెరట్లో షెడ్డులోకి మార్చమంటావా? తడవకుండా పట్టా కప్పుతాను. గదికి రంగు వేద్దామనుకుంటున్నాం. వేరే కారణం ఏమీ లేదు.

హేజెల్

*

దీవి, కాపలా గుడిసె,
ఏప్రిల్ 17

అక్కా,

బూట్లు అందాయి. చేపలూ అందాయి, కాకపోతే పడవ నడిపే డంకన్ దారిలోనే రెండు లాగించేశాడు. అడిగితే "పన్ను వసూలు చేశా" అన్నాడు. ఇదీ ఈ దేశంలో పన్నుల తీరు!

వేరే కారణం ఏమీ లేదట! పద్నాలుగేళ్ళలో ఆ గది గోడ మీద కుంచె పెట్టని మనిషివి. అబద్ధం చెప్పేటప్పుడు నీ వాక్యాలు పొట్టిగా అయిపోతాయి. చివర పెట్టిన చుక్క కాగితం అవతలికి దిగింది, వేలితో తడిమి చూశాను.

ఈసారి నిలిచిందా? ఇది ఆరోది కదా? చెప్పవే. ఇక్కడ నేను చెప్పడానికి ఇద్దరు తోటి కాపలాదారులు, పదివేల పక్షులు తప్ప ఎవరూ లేరు.

తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక మగా ఆడా వెళ్ళి "రెండేళ్ళుగా ప్రయత్నిస్తున్నాం" అంటే ప్రభుత్వ డాక్టరు మారు మాట్లాడకుండా రాసుకుంటాడు. వాళ్ళ పడకగదిలో ఎవరూ దీపం పట్టుకుని నిలబడరు. పెళ్ళయి ఎనిమిదేళ్ళైన ఇద్దరు ఆడవాళ్ళు, నువ్వూ రోవెనా వెళితే మాత్రం, ముందు ప్రైవేటు క్లినిక్‌లో సొంత ఖర్చుతో దాత వీర్యం ఎక్కించుకుని ఆరుసార్లు ఓడిపోయి రండి, రసీదులు తెండి, అప్పుడు చూద్దాం అంటారు. రోవెనా ప్రాణంగా చూసుకున్న కారవాన్ బండి ఆ రసీదుల్లోకే పోయింది. వాళ్ళకు మాట చాలు, మీకు రసీదు కావాలి. దీన్ని సమానత్వం అంటే నేను ఈ బూట్లు వండుకు తింటాను.

పెట్టెలు నిశ్చింతగా మార్చుకో. పచ్చ అట్టవి మాత్రం పైన పెట్టు, వాటికి చెమ్మ పడదు.

నీ చెల్లెలు
బ్రయొనీ

*

థార్న్‌మత్,
మే 3

బ్రయొనీ,

నిలవలేదు.

పరీక్ష చేసుకోమన్న రోజుకు రెండు రోజుల ముందే తెలిసింది. పిల్లల్ని స్కూలు గేటు దగ్గర దించాక రోవెనా సీట్లోంచి లేవలేకపోయింది. హెచ్చరిక లైట్లు వేసుకుని అలాగే కూర్చుంది. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టారట. తర్వాత బస్సును డిపోలో వదిలేసి నడుచుకుంటూ మా షెడ్డుకు వచ్చి, ఉప్పు పీపాల మధ్య కూర్చుంది. నేను చేతులు కడుక్కునే లోపల తనే అంది: "ఆరూ అయిపోయాయి హేజెల్. ఇవాళ్టి నుంచి మనం ప్రభుత్వం వారు గుర్తించిన గొడ్రాళ్ళం. పద, దరఖాస్తు పెడదాం." అని నవ్వింది. నవ్వు మధ్యలో మొహం తిప్పుకుంది.

ప్రభుత్వం భరించేది ఒక్క విడత ఐవీఎఫ్. ఒక్కటే. అది కూడా రోవెనాకు నలభై నిండకముందే మంజూరు కావాలి. అక్టోబర్ 9 దాటిందంటే పేరు కొట్టేస్తారు. నా సంగతి నీకు తెలుసు, ముప్పయ్యో ఏటే గర్భసంచి తీసేశారు. మోయగలిగింది తనొక్కతే.

ఫారం పదకొండు పేజీలుంది. ఒక ప్రశ్న దగ్గర ఆదివారమంతా కూర్చున్నాను. చివరికి రాసేశాను. ఏం ప్రశ్న అని అడగకు.

పెట్టెలు ఇంకా కదపలేదు.

హేజెల్

*

దీవి, కాపలా గుడిసె,
మే 15

అక్కా,

నీ ఉత్తరం రేవు మీదే చదివాను. డంకన్ ఏదో జోకు వేయబోయి నా మొహం చూసి ఆపేశాడు, తాడు చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఏం రాయాలో తెలియడం లేదు. రోవెనాకు ఏం చెప్పాలో అసలే తెలియదు. నాకు పదకొండేళ్ళప్పుడు తను మనింటికి కొత్తగా వచ్చింది. నేను పలకకుండా వారం రోజులు తలుపేసుకుని కూర్చుంటే, తలుపు కింద సందులోంచి రోజుకో బిస్కెట్ తోసేది. నేనూ అలాంటిదేదో చేయాలి. ఇక్కడ తలుపూ లేదు, బిస్కెట్లూ లేవు.

టెర్న్ పక్షులు వచ్చేశాయి. గూళ్ళు లెక్కపెట్టడానికి వెళితే ఎర్రటి ముక్కులతో నెత్తి మీద పొడుస్తున్నాయి. టోపీలో గడ్డి కూరుకుని తిరుగుతున్నాను. వాటి గుడ్డు జోలికి వచ్చినవాణ్ణి రక్తం వచ్చేదాకా పొడుస్తాయి. మనమేమో ఫారాలు నింపుతాం. దరఖాస్తు కింద "మీ విధేయులు" అని కూడా రాసే ఉంటావు, నాకు తెలుసు!

అందుకే నేను మీ దరఖాస్తును తేల్చే ప్రభుత్వ బోర్డుకు ఒక ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. కోప్పడకు. పచ్చ అట్ట కరపత్రంలో దీనికో పద్ధతి చెప్పారు. అర్జీ రాసే మనిషి ముందుగా తానెవరో, ఏ హక్కుతో మాట్లాడుతున్నాడో నిలబడి చెప్పాలట. పేరు దాచుకుని చెప్పే నిజాన్ని ఎవరూ లెక్కచేయరట. నీకు నోరు లేదు. నాకు దేవుడు ఇద్దరు మనుషులకు సరిపడా ఇచ్చాడు. ఒకటి వాడుకో.

నీ చెల్లెలు
బ్రయొనీ

*

థార్న్‌మత్,
జూన్ 28

బ్రయొనీ,

వద్దు.

బోర్డుకు గానీ, పేపరుకు గానీ, ఇంకెవరికైనా గానీ రాయకు. నీ పేరు, మనింటి సంగతులు ఏ కాగితం మీదా పెట్టకు. కారణం నువ్వు ఇంటికొచ్చాక చెబుతాను. కాగితం మీద చెప్పేది కాదు. ఇది బతిమాలడం అనుకో.

దరఖాస్తు అందిందని జవాబు వచ్చింది. సెప్టెంబర్ 4న కూర్చుని తేలుస్తారట. రసీదులన్నీ సరిపోయాయట. క్లినిక్ నర్సు ఫోన్ చేసి "ఇంతవరకు ఏ అడ్డూ లేదు తల్లీ, ఊపిరి పీల్చుకోండి" అంది. రోవెనా నిజంగానే గట్టిగా ఊపిరి పీల్చింది, ఫోన్లో ఆవిడకు వినపడేలా.

ఆదివారం పెట్టెలు షెడ్డులోకి మార్చాం. రోవెనా నీ గదిలో ఒక గోడకు లేత పసుపు వేసి కుంచె పక్కన పెట్టేసింది. మిగతా మూడూ బోర్డు ఉత్తరం వచ్చాకే అంది. "ఆ విప్లవకారిణి వచ్చి, నా గది ఆక్రమించారని కోర్టుకెక్కదు కదా?" అని కూడా అంది. నువ్వు హాల్లో సోఫా మీద పడుకుంటావని నీ తరపున నేనే ఒప్పేసుకున్నాను.

రాయకు.

హేజెల్

*

దీవి, కాపలా గుడిసె,
జూలై 19

అక్కా,

పన్నెండో తేదీన పోటు, గాలి రెండూ కలిసి వచ్చాయి. కింది ఒడ్డున ఉన్న టెర్న్ గూళ్ళన్నీ ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయాయి. నీళ్ళు తీశాక గోతాం పట్టుకుని తిరిగి చచ్చిన పిల్లల్ని ఏరాను. వేలి పొడవు కూడా లేవు. పెద్ద పక్షులు రెండు రోజులు నా నెత్తి మీదే తిరిగాయి, పొడవలేదు. మూడో రోజుకు ఎగిరిపోయాయి. పుస్తకంలో "విఫలం" అని రాసి సంతకం పెట్టాలి, అదీ నా పని. పెట్టాను. ఆ సాయంత్రం గుడిసెలో కూర్చుంటే ఒక్కటే అనిపించింది: నీళ్ళు వచ్చేదాకా చేతులు కట్టుకుని చూస్తూ, తర్వాత సంతకం పెట్టే మనిషిగా నేను బతకలేను.

అందుకని రాశాను. కిందటి పడవలోనే పంపించాను. నువ్వు వద్దన్నావు, నాకు గుర్తుంది. నీది భయం అక్కా. ఒకరు తలుపేస్తే మెల్లగా మెట్ల మీద కూర్చునే రకం నువ్వు. నీ భయాన్ని గౌరవిస్తే నీకు అన్యాయం చేసినట్టే.

నకలు ఉంచుకున్నాను. కొంచెం వినిపిస్తాను:

"అయ్యలారా, అమ్మలారా! ఇది రాస్తున్న నేను హేజెల్ డాడ్స్‌కు రక్తంలో చెల్లెలిని, చట్టం ముందు కూతురిని. మా అమ్మ కాన్సర్‌తో పోయేనాటికి నాకు ఆరేళ్ళు, హేజెల్‌కు ఇరవై రెండు. మా నాన్న చమురు బావుల పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నన్ను తెలియని ఇంటికి పంపేస్తారని హేజెల్ కోర్టుకు వెళ్ళి నన్ను దత్తత తీసుకుంది. ఇవాళ్టికీ కాగితం మీద నేను ఆమె బిడ్డనే. ఐదేళ్ళ తర్వాత రోవెనా వచ్చి ఆ బరువులో సగం భుజాన వేసుకుంది. ఈ ఇద్దరికీ బిడ్డను పెంచే యోగ్యత ఉందా అని ఫారాలు అడుగుతున్నాయి. యోగ్యతకు రసీదు కావాలా? ఇదిగో, నేనే సాక్ష్యం. నన్ను పిలిచి చూసుకోండి."

ఇంకా రెండు పేజీలుంది, మధ్యలో కొంచెం తిట్లు కూడా ఉన్నాయి, కానీ మర్యాదగానే. కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను. చదివి డంకన్ కళ్ళు తుడుచుకున్నాడు. గాలికి నీళ్ళొచ్చాయన్నాడు గానీ గాలి లేదు.

కోప్పడితే కోప్పడు. గెలిచాక పసుపు గోడ పక్కన నిలబడి తిట్టు.

నీ చెల్లెలు
బ్రయొనీ

*

దీవి, కాపలా గుడిసె,
ఆగస్టు 11

అక్కా,

మూడు పడవలు వచ్చిపోయాయి, నీ దగ్గర్నుంచి ఒక్క అక్షరం లేదు. ఇంత కోపమా? సరే, నేను మొండిదాన్ని, నువ్వు నాకంటే మొండిదానివి. చేపలైనా పంపు, అలిగినవాళ్ళు చేపలు పంపకూడదని ఏ కరపత్రంలోనూ లేదు.

బోర్డు నుంచి నాకు చిన్న జవాబు వచ్చింది. "మీరు తెలిపిన విషయాన్ని నమోదు చేసుకున్నాం, కృతజ్ఞతలు" అని ఉంది. చూశావా? కృతజ్ఞతలట! అక్కా, వాళ్ళు విన్నారు. నా జీవితంలో మొదటిసారి ఎవరో పెద్దవాళ్ళు విన్నారు.

రోవెనాకు చెప్పు, రెండో గోడకు రంగు కలుపుకోమని.

నీ చెల్లెలు
బ్రయొనీ

*

థార్న్‌మత్,
ఆగస్టు 17

బ్రయొనీ,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది పంపేస్తాను.

బోర్డు నుంచి మాకూ ఉత్తరం వచ్చింది. నీ మాటల కంటే చాలా చిన్నది: "దంపతులలో ఒకరికి దత్తత ద్వారా జీవించి ఉన్న సంతానం ఉన్నట్టు మా దృష్టికి వచ్చింది. నిబంధన ప్రకారం, దంపతులలో ఎవరికైనా జీవించి ఉన్న సంతానం ఉంటే ప్రభుత్వ ఖర్చుతో చికిత్సకు అర్హత లేదు. దరఖాస్తును మూసివేస్తున్నాము. ఆ ప్రశ్నకు మీరిచ్చిన తప్పుడు జవాబుపై వివరణ పంపగలరు."

నేను ఆదివారమంతా కూర్చున్న ప్రశ్న అదే. "మీలో ఎవరికైనా జీవించి ఉన్న సంతానం ఉన్నారా? దత్తత సంతానాన్ని కలిపి చెప్పండి." నేను "లేరు" అని రాశాను.

దానికి ముందు నర్సును ఊరికే అడిగినట్టు అడిగాను. ఎవరో ఒకామె తన చెల్లెల్ని చిన్నప్పుడు దత్తత తీసుకుని ఉంటే, ఆ చెల్లెలికి ఇప్పుడు ఇరవై ఏళ్ళుంటే, అది కూడా లెక్కేనా అని. ఆవిడ చేతులు కడుక్కుంటోంది. కుళాయి ఇంకొంచెం తిప్పి, "లెక్కే తల్లీ. వయసుతో పనిలేదు. అయితే నీళ్ళ చప్పుడులో నువ్వేం అడిగావో నాకు వినపళ్ళేదు" అంది. ఈ మొత్తం వ్యవహారంలో మాకు దొరికిన దయ అదొక్కటే, ఆ కుళాయి చప్పుడు.

నీకెందుకు చెప్పలేదని అడుగుతావు. ఏమని చెప్పమంటావు? మాకు బిడ్డ రాకుండా అడ్డుగా ఉన్నది నువ్వేనని, నువ్వు లేవని రాస్తేనే దారి దొరుకుతుందని, ఒక దీవిలో ఒంటరిగా ఉన్న పిల్లకు ఉత్తరంలో రాయమంటావా? నవంబర్‌లో ఇంటికొచ్చాక, పని జరిగాక, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలనుకున్నాను. వద్దు అని రెండుసార్లు రాశాను. ఎందుకో రాసి ఉండాల్సింది. ఆ తప్పు నాది.

బోర్డువాళ్ళు నీ ఉత్తరం నకలు జతచేసి పంపారు. రోవెనా బల్ల దగ్గర నిలబడే మూడు పేజీలూ చదివింది. "చాలా బాగా రాసింది" అంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, జూన్ నుంచి డబ్బాలో నానుతున్న కుంచెను కడిగింది. చాలాసేపు కడిగింది. అప్పటి నుంచి నీ పేరు ఎత్తడం లేదు. తనకు నీ మీద కోపమో కాదో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు.

హేజెల్

*

దీవి, కాపలా గుడిసె,
ఆగస్టు 23

అక్కా,

డంకన్‌ను గంటసేపు ఆగమని బతిమాలి ఇది రాస్తున్నాను. పోటు పోతోందని అరుస్తున్నాడు.

ఎందుకు చెప్పలేదే? చెప్పి ఉంటే నోరు కుట్టేసుకునేదాన్ని. నేనెవరో కూడా మరిచిపోయేదాన్ని. నేను నీకు అంత పసిపిల్లలా కనిపిస్తున్నానా? అవును, కనిపిస్తాను. పసిపిల్లే ఇలాంటి పని చేస్తుంది.

కృతజ్ఞతలు అన్నారు అక్కా. నేను ఆ జవాబును గోడకు గుచ్చుకున్నాను.

ఇంకొకటి అడగాలి. అడిగే హక్కు లేదు, అయినా అడుగుతాను. "లేరు" అని రాసేటప్పుడు నేను నీ తలలో ఎక్కడున్నాను? సున్నా పెట్టినట్టు తేలిగ్గా రాశావా? నాకు తెలుసు, నువ్వు రాసింది సరైనదే. నేనైనా అదే రాసేదాన్ని. అయినా ఆ ఒక్క పదం చదివినప్పటి నుంచి నాకు ఆరేళ్ళే ఉన్నట్టుంది, ఆసుపత్రి వరండాలో నా కోటు బొత్తాలు ఎవరు పెడతారో తెలియకుండా నిలబడినట్టుంది.

సరే, ఇది కాదు రాయాల్సింది. దీనికి జతగా ఒక కాగితం ఉంది. కోర్టుకు అర్జీ. నాకు మైనారిటీ తీరింది కాబట్టి నా దత్తతను రద్దు చేయమని, నేను హేజెల్ డాడ్స్‌కు కేవలం చెల్లెలిని మాత్రమేనని ప్రకటించమని రాశాను. రద్దయితే నీకు సంతానం లేనట్టే. ఇంకా ఆరు వారాలుంది. ఈసారి చూశావా, నేరుగా పంపలేదు, నీకు పంపుతున్నాను. అంతమాత్రం నేర్చుకున్నాను. సంతకం పెట్టే ఉంది. నువ్వు పోస్టు చేయడమే.

రోవెనాకు ఏం చెప్పాలి? ఏమీ చెప్పకు.

బ్రయొనీ

*

థార్న్‌మత్,
సెప్టెంబర్ 6

బ్రయొనీ,

నీ అర్జీని షెడ్డులో చేపల కింద పొట్టులో వేశాను. ఆ రోజు హెర్రింగులకు విప్లవం వాసన వచ్చి ఉంటుంది, కొన్నవాళ్ళు ఏమనుకున్నారో.

ముందు పని సంగతి. అది కుదరదు. ఉచిత న్యాయ సలహా ఇచ్చే ఆమెను అడిగాను. దత్తత ఒకసారి అయితే అయిపోయినట్టే, ఇష్టం లేదని తీసేసేది కాదు అంది. బోర్డుకు మొరపెట్టుకున్నాం, నిబంధనకు మినహాయింపు లేదని నాలుగో తేదీనే చెప్పేశారు. ఎదురింటి లోరెయిన్‌కు మొదటి మొగుడి దగ్గర ముగ్గురు పిల్లలు, రెండో మొగుడితో నాలుగోది అడక్కుండానే పుట్టింది, ఆమెను ఎవరూ ఏ ఫారమూ అడగలేదు. ఇలా అనడం నా నోటికి అలవాటు లేదు. నువ్వు లేవు కదా, నీ బదులు నేనే అంటున్నాను.

కుదిరినా పంపేదాన్ని కాదు.

ఆ రోజు కోర్టు నీకు సగమే గుర్తుంది. నువ్వు రాసిన కథలో నేను వీరనారిలా ఉన్నాను. నేను వణికిపోతున్నాను. జడ్జిగారు తన తెల్లజుట్టు విగ్గు తీసి నీ నెత్తిన పెట్టారు, అలాంటి రోజు పిల్లలకు అలా పెడతారు. అది నీ ముక్కు దాకా జారింది. లోపల్నుంచి "ఇప్పుడు ఈమెను అమ్మా అనాలా?" అని అడిగావు. "నీ ఇష్టం" అన్నారాయన. "అయితే అక్కే" అని నువ్వే తీర్పు చెప్పేశావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక బాత్రూములో కూర్చుని ఏడ్చాను, ఎందుకో నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఇరవై రెండేళ్ళు. ఆ మాట కోసం ఆశపడ్డానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

"లేరు" అని రాసేటప్పుడు నువ్వెక్కడున్నావని అడిగావు. ఆ విగ్గు కింద ఉన్నావు. నువ్వు అక్క అని తేల్చావు కాబట్టి నేను అబద్ధం రాయడం లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆదివారమంతా చెప్పుకున్నాను. నమ్మలేదు, కానీ రాశాను, ఎందుకంటే పక్కగదిలో రోవెనా రంగుల చీటీలు గోడకు అంటించి చూసుకుంటోంది.

వివరణ ఫారం పంపారు. జవాబు సరిదిద్ది సంతకం పెట్టమన్నారు. సంతానం: ఒకరు. పేరు: బ్రయొనీ డాడ్స్. వయసు: ఇరవై. దానికి నిమిషం కూడా పట్టలేదు. రాశాక ఇంకోసారి చదివి చూసుకున్నాను. మంచి కాగితమే. తప్పు చోటికి పోతోంది, అంతే.

రోవెనా ఇంకా ఏమీ అనడం లేదు. రాత్రి భోజనాల దగ్గర పళ్ళేలు మూడు పెట్టి, ఒకటి తీసి లోపల పెడుతోంది.

హేజెల్

*

దీవి, కాపలా గుడిసె,
అక్టోబర్ 9

అక్కా,

ఇవాళ్టి తేదీని అన్నిటికంటే ఆఖరున రాశాను.

టెర్న్‌లు ఎప్పుడో దక్షిణానికి పోయాయి. ఇప్పుడు ఒడ్డు మీద సీల్ జంతువులు ఈనుతున్నాయి. రోజూ పొద్దున పుట్టిన పిల్లల్ని లెక్కపెట్టి, ఒక్కోదాని వెనక రంగునీళ్ళు చిమ్మాలి, రెండోసారి లెక్కలోకి రాకుండా. ఈ వారం రంగు పసుపు. పెట్టె తెరిచి చూసి మూసేశాను. తోటివాళ్ళను అడిగితే నీలం ఇచ్చారు, ఎందుకని అడగలేదు. ఇవాళ ముప్పై ఏడు పుట్టాయి. ఏ తల్లినీ ఎవరూ ఏమీ అడగలేదు.

నేను ఇప్పుడు కరపత్రాలు చదవడం లేదు. అందులో రాసినవి తప్పని కాదు. ఆ నిబంధన ఇవాళ్టికీ దుర్మార్గమే, అది రాసినవాళ్ళ మీద నా కోపం గోరంత కూడా తగ్గలేదు. కానీ వాళ్ళను కొట్టాలని విసిరిన రాయి ఎవరికి తగిలిందో చూశాను. ఆ రాయి మీద నా పూర్తి పేరు ఉంది.

రోవెనాకు పుట్టినరోజు శుభాకాంక్షలు అని రాయలేను.

నవంబర్ 20, గురువారం ఆఖరి పడవ. డంకన్ వాళ్ళ చెల్లెలి ఇంట్లో గది ఖాళీగా ఉందట, చలికాలం అక్కడ ఉండొచ్చు అన్నాడు. మీ కళ్ళ ముందు తిరగడం కంటే అదే నయమేమో. నువ్వేమంటే అది. ఈసారి నిజంగానే నువ్వు చెప్పినట్టు చేస్తాను.

బ్రయొనీ

*

థార్న్‌మత్,
నవంబర్ 12

బ్రయొనీ,

తొమ్మిదో తేదీ గురించి అడగలేదు నువ్వు, అయినా చెబుతాను. రోవెనా మామూలుగానే బస్సు తీసింది. పిల్లలు పుట్టినరోజు పాట పాడారట, ఎవరు చెప్పారో ఏమో. డిపోలో కేకు కోశారు. ఇంటికొచ్చి కోటు విప్పకుండానే హాల్లో కూర్చుని "నలభై" అంది. అంతే. నేను పక్కన కూర్చున్నాను. కేకు డబ్బా ఇద్దరి మధ్యా ఉంది, తెరవలేదు. ఇంకో దారి ఉందా అంటే, సొంత డబ్బుతో ఉంది. అమ్మడానికి ఇంకో కారవాన్ లేదు.

తర్వాత నెల రోజులు నీ గది తలుపు వేసే ఉంది. ఆ పసుపు గోడను తెల్లగా మార్చేద్దామా అని ఒకసారి అడిగాను. "దాని జోలికి పోకు" అంది.

నిన్న పెరటి షెడ్డు కప్పు కారింది. నేను పనిలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి మెట్ల మీద తడి అడుగులు. నీ పెట్టెలు ఆరూ పైన నీ గదిలో ఉన్నాయి, పసుపు గోడకు ఆనించి. పచ్చ అట్టవి అన్నిటికంటే పైన. తనొక్కతే మోసింది, అంత బరువు మోయొద్దని డాక్టరు చెప్పిన నడుముతో. ఎందుకు మోశావంటే, "ఇక మోయడానికి ఏముంది నాకు?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

నీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. రోవెనా చదువుతూ డంకన్ చెల్లెలి గది దగ్గరికి వచ్చేసరికి ముక్కుతో ఒక చప్పుడు చేసింది. పెన్ను అడిగి తీసుకుంది. ఈ కాగితం వెనక ఉన్నది తన చేతిరాతే, నేను చదవలేదు.

హేజెల్

*

(కాగితం వెనక)

గురువారం రెండింటికి రేవులో బస్సు ఆపుతాను. స్కూలు వదలడానికి ముందు నలభై నిమిషాలు ఖాళీ ఉంటుంది. ఆలస్యం చేస్తే నిలబడను.

నాతో మాట్లాడాలని చూడకు. నేనూ మాట్లాడను. ఎప్పటిదాకా అని అడగకు, నాకూ తెలియదు.

తడి బూట్లతో ఎక్కితే వెనక సీటు. ఆరినవి వేసుకుంటే ముందు కూర్చో.

రో